ఉండవల్లి చూసినవాళ్ళకి సెయింట్ ఎమిలియన్

విజయవాడ నుంచి ఫ్రాన్సు వెళ్ళేవాళ్ళు ఈ చిన్న వైన్ ఊరిని తప్పకుండా చూడాలి. ఉండవల్లిలో ఇసుకరాతి కొండను నాలుగంతస్తులుగా తొలిచారు. ఇక్కడ సున్నపురాయిని తొలిచి నేలలోపలే చర్చి మలిచారు.

బోర్డో నగరంలో రైలెక్కితే సుమారు 35 నిమిషాల ప్రయాణం. స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఒకటిన్నర కిలోమీటరు, ద్రాక్షతోటల పక్కగా నడకే. చేరగానే టూరిస్టు ఆఫీసులో చర్చి టికెట్టు తీసుకోండి, గైడు లేకుండా లోపలికి పంపరు.

లోపల స్తంభాలను నిదానంగా చూడండి. చర్చి నెత్తిన ఆ తర్వాత గంటగోపురం కట్టారు. నీరు పీల్చి మెత్తబడిన రాయి ఆ బరువు మోయలేకపోయింది. స్తంభాల చుట్టూ ఉక్కు చట్రాలు బిగించింది అందుకే.

ఇప్పుడు గోపురం ఎక్కండి. దక్షిణాన డోర్డోన్ నది లోయ, చుట్టూ తోటలు. చల్లటి బంకమన్ను, సున్నపురాయి కలిసిన వాలుల్లో మెర్లో ద్రాక్ష బాగా పండుతుంది. పశ్చిమాన, పక్కనున్న వైన్ ఊరు పొమెరోల్ వైపు గులకనేల ఎక్కువ, అక్కడ కాబర్నే ఫ్రాంక్ అనే ద్రాక్షరకానికి చోటు పెరుగుతుంది. ఇళ్ళకోసం రాయి తవ్వగా మిగిలిన సొరంగాలే వైన్ నిల్వగదులయ్యాయి.

1199లో, అప్పట్లో ఈ ప్రాంతాన్నీ ఏలిన ఇంగ్లండు రాజు జాన్ ఇచ్చిన శాసనంతో ఊరికి స్వపరిపాలన దక్కింది. 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

రాళ్ళు పరిచిన సందులు బాగా ఏటవాలు. వానపడితే జారుతాయి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.