యుద్ధకాలంలోని ఒక యూదు కుటుంబం గురించి పిల్లల కోసం చారిత్రక నవలిక రాయడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూదుల మీద జరిగిన మారణకాండ (హోలోకాస్ట్) గురించి మన హైస్కూలు పిల్లలు సాంఘికశాస్త్రం పుస్తకంలో కొన్ని పేరాలు చదువుతారు. దాదాపు అరవై లక్షల మంది చనిపోయారనీ, వారిలో సుమారు పదిహేను లక్షల మంది పిల్లలనీ పరీక్ష కోసం గుర్తు పెట్టుకుంటారు. ఇంట్లో కటువుగా ఉండే పెద్దమనిషిని సరదాగా ‘హిట్లర్’ అనడం మనకు అలవాటు కాబట్టి, ఆ పేరు వింటే భయం కన్నా ముందు నవ్వు వచ్చే పిల్లలు కూడా ఉన్నారు. అలాంటి పాఠకుల కోసం రాసే రచయిత అంకెలతో మొదలుపెడితే అది మరో పాఠమవుతుంది తప్ప కథ కాదు. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు చదవగలిగే వంద పేజీల నవలికను ఎలా సిద్ధం చేసుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణకు 1943 నాటి డెన్మార్క్‌ను తీసుకుంటున్నాను. మొదటి నుంచి చివరి దాకా పాటించవలసిన నియమం ఒక్కటే: కుటుంబాన్ని ఎంతైనా కల్పించవచ్చు, చరిత్రను మాత్రం కల్పించకూడదు. పైగా ఆ కుటుంబంలోని బిడ్డకు ఆ రోజున తెలిసిన దానికన్నా ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పకూడదు.

మొదటి పని: ఒక ఊరు, కొన్ని రోజులు ఎంచుకోవడం

యుద్ధం ఆరేళ్ళు సాగింది, డజనుకు పైగా దేశాల్లో సాగింది. అదంతా ఒక పిల్లల నవలికలో ఇమడదు. ఒక ఊరినీ, రెండు మూడు వారాల కాలాన్నీ తీసుకుంటేనే ఇంట్లోని గిన్నెలూ గదులూ పాఠకుడికి కనిపిస్తాయి. డెన్మార్క్‌లో అలాంటి కాలం 1943 సెప్టెంబరు చివర మొదలవుతుంది. జర్మనీ ఆ దేశాన్ని 1940 ఏప్రిల్ 9న ఆక్రమించింది. అయినా 1943 ఆగస్టు 29న డేనిష్ ప్రభుత్వం తప్పుకునే దాకా అక్కడి యూదులు మిగతా పౌరుల్లాగే ఉద్యోగాలకూ బడులకూ వెళ్ళగలిగారు. ఆ తరవాత ఒక్క నెలలో అంతా తలకిందులైంది. నిన్నటి దాకా మామూలుగా ఉన్న ఇల్లు ఈ రోజు ఎందుకు ఖాళీ అవుతోందన్న ప్రశ్న పిల్లల కథకు చాలినంత బలం ఇస్తుంది.

రెండో పని: రెండు వరుసల పంచాంగం

కథ రాయడానికి ముందే ఒక కాగితాన్ని రెండుగా మడవండి. ఎడమవైపు చరిత్రలో జరిగింది, కుడివైపు ఆ రోజు మీ కల్పిత కుటుంబం చేసేది రాయండి. ఎడమ వరుస దాదాపు ఇలా ఉంటుంది. సెప్టెంబరు 28న, కోపెన్‌హాగన్‌లోని జర్మన్ దౌత్యకార్యాలయంలో నౌకావ్యవహారాలు చూసే గేయోర్గ్ డుక్విట్జ్ అనే అధికారి, యూదులను పట్టుకుపోవడానికి ఏర్పాట్లు జరుగుతున్నాయని సోషల్ డెమోక్రాట్ నాయకుడు హాన్స్ హేడ్‌టోఫ్ట్‌కు రహస్యంగా చెప్పాడు. మర్నాడు 29, బుధవారం. ఆ సాయంత్రం నుంచి యూదుల సంవత్సరాది రోష్ హషానా. పొద్దున ప్రార్థనకు వచ్చినవారితో రబ్బీ, అంటే యూదుల మతగురువు, మార్కుస్ మెల్కియోర్, ఇళ్ళలో ఉండవద్దనీ, తెలిసినవారందరికీ కబురు చేయమనీ చెప్పి పంపేశాడు. దాడి అక్టోబరు 1, శుక్రవారం రాత్రి జరిగింది. మర్నాడు, డెన్మార్క్ నుంచి వచ్చే యూదులందరికీ ఆశ్రయం ఇస్తామని స్వీడన్ ప్రకటించింది. 3వ తేదీ ఆదివారం నాడు, యూదుల వేటను ఖండిస్తూ బిషప్పులు రాసిన లేఖను చర్చిల్లో చదివారు. ఆ నెలలో సుమారు 7,200 మంది యూదులు చేపల పడవల మీద ఓరెసుండ్ జలసంధి దాటి స్వీడన్ చేరుకున్నారు. దాదాపు 470 మంది పట్టుబడి థెరీసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి వెళ్ళారు.

ఈ పంచాంగం ఉంటే చిన్న చిన్న విషయాల్లో కూడా తప్పులు దొర్లవు. ఓరెసుండ్ మీద పడవ సాగుతుండగా పైన నిండు చంద్రుణ్ణి వెలిగించాలని ఏ రచయితకైనా అనిపిస్తుంది. కానీ యూదుల నెల కూడా మన పాడ్యమి లాగే అమావాస్య దాటాకే మొదలవుతుంది. రోష్ హషానా వారి నెలలో మొదటి రోజు. కాబట్టి అక్టోబరు 1, 2 తేదీల్లో సన్నని నెలవంక తొందరగానే అస్తమించి ఉంటుంది, ఆ పైన చీకటే. వెన్నెల కావాలంటే మీ కుటుంబాన్ని మరో పది రోజులు దాచి ఉంచాలి. అలా దాచితే, ఉపవాసదినమైన యోమ్ కిపుర్, అంటే అక్టోబరు 9, వారు దాక్కున్న చోటనే వస్తుంది. ఒక్క చంద్రుడి కోసం కథ మొత్తం మారిపోతుంది. నా దృష్టిలో చారిత్రక కథ రాయడంలోని ఆనందమంతా ఇలాంటి బంధనాల్లోనే ఉంది.

మూడో పని: ఆ కుటుంబం ఎవరిదో తేల్చుకోవడం

‘యూదు కుటుంబం’ అనగానే అన్ని ఇళ్ళూ ఒకే మూసలో ఉంటాయనుకోవడం కొత్త రచయితలు ఎక్కువగా చేసే పొరపాటు. నాటి డెన్మార్క్‌లో కనీసం మూడు రకాల ఇళ్ళు ఉండేవి. తరతరాలుగా అక్కడే స్థిరపడి, డేనిష్ తప్ప మరో భాష మాట్లాడని, గుడికి పండగలప్పుడు మాత్రమే వెళ్ళే కుటుంబాలు మొదటి రకం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చి, దర్జీపని వంటి చేతిపనులతో బతుకుతూ, ఇంట్లో తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్ మాట్లాడుకునే వారు రెండో రకం. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు మూడో రకం. ఒంటరిగా వచ్చి పల్లెల్లో డేనిష్ రైతుల ఇళ్ళలో ఉంటున్న కుర్రవాళ్ళు కూడా వీరిలో ఉన్నారు. మీ కథ ఎలా కదులుతుందో ఈ ఎంపికే నిర్ణయిస్తుంది. పాత కుటుంబానికి కబురు చెప్పే స్నేహితులు చాలామంది ఉంటారు. దర్జీ ఇంట్లో డబ్బు ఉండదు. శరణార్థి బాలుడు ఇదంతా ఒకసారి చూసి వచ్చినవాడు కనుక అందరికన్నా ముందే మూట కట్టుకుంటాడు.

దర్జీ కుటుంబాన్నే తీసుకోండి. పడవ దాటించడానికి జాలరులు మనిషికి సగటున వెయ్యి క్రోనర్ల దాకా తీసుకున్నారు. సగటు నెల జీతం అప్పట్లో ఐదు వందలు కూడా లేదు. ఇంట్లో ఐదుగురు ఉంటే ఆ లెక్క ఎలా తేలుతుంది? తండ్రి కుట్టుమిషన్ అమ్ముతాడా, పొరుగువారు చందా వేసుకుంటారా, లేక ఒక పడవవాడు ఏమీ తీసుకోకుండా దాటిస్తాడా? ఈ మూడింటిలో ఏది రాసినా చరిత్రకు విరుద్ధం కాదు, ఎందుకంటే సహాయసంఘాలు చందాలు వసూలు చేశాయి, పైసా తీసుకోని జాలరులూ ఉన్నారు, మితిమీరి గుంజినవారూ ఉన్నారు. ఆచారం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. నిష్ఠగల యూదులు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా బండి ఎక్కరు, దీపం ముట్టించరు. అయితే ప్రాణం కాపాడటానికి ఆ నియమాన్ని దాటవచ్చునని, దాటి తీరాలని వారి ధర్మమే చెబుతుంది. జీవితంలో ఎన్నడూ శనివారం నాడు వాహనం ఎక్కని తాతగారు టాక్సీ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగడం, తరవాత ఎక్కి కూర్చోవడం మీ నవలికలో ఒక అధ్యాయమంత బరువు మోయగలదు.

నాలుగో పని: బిడ్డ కళ్ళతో మాత్రమే చూడటం

పిల్లల చారిత్రక కథలు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. రచయితకు ఆష్విట్జ్ మరణశిబిరం గురించి తెలుసు, పాఠకుడికి కొంత తెలుసు, కానీ 1943లో పదకొండేళ్ళ బిడ్డకు తెలియదు. “నాన్నా, నాజీలు మన జాతినంతా నిర్మూలించాలని నిర్ణయించారు కదా?” అని ఆ బిడ్డ అడిగిందంటే అక్కడ మాట్లాడుతున్నది పాఠ్యపుస్తకమే. అదే బుధవారం పొద్దున్నను ఇలా రాయవచ్చు:

“నాన్న ప్రార్థన నుంచి ఇంత పెందలాడే ఎప్పుడూ రాలేదు. టోపీ అయినా తీయకుండా వంటింట్లోకి వెళ్ళి అమ్మతో ఏదో గొణిగాడు. అమ్మ పిండి పిసకడం ఆపలేదు. కాసేపటికి, ‘రొట్టె కాలేదాకా ఉందాం’ అంది. ‘వద్దు’ అన్నాడు నాన్న. నన్ను రెండు గౌన్లు ఒకదాని మీద ఒకటి వేసుకోమన్నారు. బయట ఎండగానే ఉంది కదా అంటే ఎవరూ బదులు చెప్పలేదు.”

ఈ ఏడెనిమిది వాక్యాల్లో జర్మనీ పేరు లేదు, యుద్ధం అన్న మాట లేదు. అయినా ఇల్లు కదిలిపోతున్నదని పాఠకుడికి అర్థమవుతుంది. పండగ కోసం కలిపిన పిండి అలాగే మిగిలిపోవడం తేదీని కూడా చెబుతోంది. రోష్ హషానాకు గుండ్రని రొట్టె చేస్తారు, యాపిల్ ముక్కను తేనెలో ముంచి తింటారు. పరిశోధనలో దొరికిన విషయం ఇలా ఎవరి చేతిలోనో పనిలా కనిపించాలి, వివరణలా వినిపించకూడదు.

దాడి జరిగిన రాత్రిని రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. తలుపులు బద్దలు కొట్టి లోపలికి చొరబడవద్దని ఆ రాత్రి జర్మన్ పోలీసులకు ఆదేశం ఉండేది. అందువల్ల బూటుకాళ్ళతో తలుపు తన్నే దృశ్యం కన్నా, గంట మోగడం, మళ్ళీ మోగడం, లోపల ఎవరూ ఊపిరి తీయకపోవడం, అడుగుల చప్పుడు పక్క వాటాకు వెళ్ళడం నిజానికి దగ్గరగా ఉంటుంది. పిల్లల పాఠకులకు ఇది చాలినంత భయం.

ఐదో పని: సహాయం చేసినవారిని దేవుళ్ళను చేయకపోవడం

డెన్మార్క్ కథలో మంచివారు చాలామంది ఉన్నారు. బిస్పెబ్యర్గ్ ఆసుపత్రి వైద్యులూ నర్సులూ వందలాది మందిని రోగుల్లా చూపించి దాచారు. అయితే డుక్విట్జ్ నాజీ పార్టీ సభ్యుడే. గిలెలాయె అనే జాలరుల ఊళ్ళో చర్చి అటక మీద దాక్కున్న సుమారు ఎనభై మందిని అక్టోబరు 6 అర్ధరాత్రి దాటాక నాజీల రహస్య పోలీసుదళం గెస్టపో పట్టుకుపోయింది. అదే ఊరివారు అంతకుముందు ఎంతోమందిని దాటించారు. ఈ రెండు ముఖాలూ పిల్లలకు చూపించవచ్చు, వారు తట్టుకోగలరు. అలాగే యూదు పాత్రలు ఎవరో మోసుకుపోయే మూటల్లా ఉండకూడదు. రబ్బీ ఇచ్చిన కబురును ఇంటింటికీ చేర్చింది ఎక్కువగా యూదులే. మీ కథలోని అమ్మాయి రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే ముసలావిడకు ఆ కబురు చెప్పడానికి వెళ్ళాలో వద్దో తానే నిర్ణయించుకోనివ్వండి. పట్టుబడినవారిలో వృద్ధులు చాలామంది ఉన్నారు కనుక ఆ నిర్ణయానికి కథలో విలువ ఉంటుంది.

రాజుగారి కథను మాత్రం పక్కన పెట్టండి. యూదులను గుర్తుపట్టడానికి నాజీలు వారి చేత బలవంతంగా ధరింపజేసిన పసుపు నక్షత్రాన్ని క్రిస్టియన్ 10 రాజు తానే ధరించి వీధుల్లో తిరిగాడని ఎన్నో చోట్ల చదువుతాం. అది జరగలేదు. డెన్మార్క్ యూదులు ఆ నక్షత్రం ధరించాలన్న ఆజ్ఞే అక్కడ రాలేదు. ఆక్రమణ తొలినాళ్ళలో ఆయన కాపలాభటులు లేకుండా గుర్రం మీద రాజధాని వీధుల్లో తిరగడం మాత్రం వాస్తవం. అందంగా ఉంది కదా అని కట్టుకథను వాడుకుంటే, పెద్దయ్యాక నిజం తెలుసుకున్న పాఠకుడు మిగతా పుస్తకాన్ని కూడా అనుమానిస్తాడు.

ఆరో పని: దారుణాన్ని ఎంత చెప్పాలో తేల్చుకోవడం

పడవలో చంటిపిల్లలు ఏడవకుండా మత్తుమందు ఇచ్చారు. కొందరు తల్లిదండ్రులు పసిబిడ్డలను డేనిష్ కుటుంబాల దగ్గర వదిలి వెళ్ళారు. దాటుతూ మునిగిపోయినవారూ ఉన్నారు. వీటిలో ఏదైనా ఒకటి కథ మధ్యలోకి రావాలి, అన్నీ రానక్కరలేదు. చేపలు నింపే అడుగుగదిలో కిక్కిరిసి పడుకున్నప్పటి వాసన, నీళ్ళ చప్పుడు, మత్తులో ఉన్న తమ్ముడి బరువు అక్క ఒళ్ళో తెలియడం చాలు.

ముగింపు స్వీడన్ ఒడ్డున పడితే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, కానీ అక్కడే ఆపడం నాకు సరిగా అనిపించదు. వచ్చిన పిల్లలు యుద్ధం ముగిసేదాకా స్వీడన్‌లోనే ఉన్నారు, వారి కోసం లుండ్, గోథెన్‌బర్గ్ నగరాల్లో డేనిష్ బడులు నడిచాయి. థెరీసియన్‌స్టాట్‌కు వెళ్ళిన డేనిష్ యూదుల్లో సుమారు యాభై మంది అక్కడే చనిపోయారు. మిగిలినవారిని 1945 ఏప్రిల్ 15న స్వీడిష్ రెడ్‌క్రాస్ వారి తెల్ల బస్సులు బయటికి తీసుకువచ్చాయి. ఆ తాతగారు శిబిరంలో ఉంటే, మనుమరాలు లుండ్‌లో బడికి వెళ్తూ ఏడాదిన్నర పాటు ఎదురుచూడటం చివరి మూడు అధ్యాయాలకు సరిపోతుంది.

ఏడో పని: వెనకమాట, చదివించడం

చివరి రెండు పేజీల్లో ఏది జరిగిందో, ఏది మీరు కల్పించారో పిల్లలకు సూటిగా చెప్పండి. డెన్మార్క్‌లో జరిగింది ఐరోపా అంతటా జరగలేదని అక్కడే స్పష్టం చేయాలి. నెదర్లాండ్స్‌లో సుమారు లక్షా నలభై వేల మంది యూదులు ఉంటే లక్షకు పైగా చనిపోయారు, పోలండ్‌లో ముప్పై మూడు లక్షల మందిలో దాదాపు ముప్పై లక్షల మంది. ఈ మాట లేకపోతే, పొరుగువారు మంచివారైతే అందరూ బతికిపోయి ఉండేవారని పిల్లలు అనుకుంటారు. స్వీడన్ అంత దగ్గరగా ఉండటం, ముందుగా కబురు అందడం, జర్మన్ అధికారులు డెన్మార్క్‌లో కొంత మెతకగా వ్యవహరించడం కూడా కారణాలేనని చెప్పడం అవసరం.

బతికి బయటపడినవారి వాంగ్మూలాలు జెరూసలేంలోని యాద్ వాషెమ్ స్మారక కేంద్రం, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం, కోపెన్‌హాగన్‌లోని డేనిష్ యూదు మ్యూజియం వద్ద ఉన్నాయి. పడవ ఎంత సేపు ఆగింది, ఏం తిన్నారు వంటి వివరాలు వాటి నుంచి తీసుకోవచ్చు కానీ, ఒక మనిషి జీవితాన్ని పేరు మార్చి దించేయకూడదు. రాత పూర్తయ్యాక వీలైతే యూదు ఆచారాలు తెలిసిన ఒకరి చేత చదివించండి. ఆ తరవాత పన్నెండేళ్ళ పిల్లలకు ఇచ్చి, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. గీతలు ఎక్కువగా మీరు చరిత్రను వివరించిన చోటే పడతాయి. ఆ పేరాలను వెనకమాటలోకి మార్చండి, లేదా కొట్టేయండి.