సోనౌలీ దగ్గర సరిహద్దు దాటడం: కొన్ని జాగ్రత్తలు, కొన్ని నవ్వులు

రోడ్డు మార్గాన నేపాల్ వెళ్లే తెలుగు యాత్రికులలో చాలామంది ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ జిల్లా సోనౌలీ దగ్గర సరిహద్దు దాటుతారు. వరంగల్లు, విజయవాడల మీదుగా నడిచే రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్‌లోనో, సికింద్రాబాద్ నుంచి వెళ్లే రైలులోనో గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడినుంచి బస్సులో గాని జీపులో గాని సుమారు 3 గంటలు ప్రయాణిస్తే సోనౌలీ చేరవచ్చు. గేటుకు ఇవతలిది సోనౌలీ, అవతలిది బెలహియా. ఇంకో 4 కిలోమీటర్లు పోతే భైరహవా పట్టణం వస్తుంది. అక్కడినుంచి ఒక దారి లుంబినికి, మరొకటి బుట్వల్ మీదుగా పోఖరాకు, ఆపైన ముక్తినాథ్‌కు పోతుంది.

1950 నాటి ఒప్పందం వల్ల భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కరలేదు. సైకిలు రిక్షాలు, కూరగాయల బుట్టలు మోసుకొచ్చే ఆడవాళ్లు, అత్తవారింటికి వెళ్లే కొత్త అల్లుళ్లు, అందరూ రోజంతా ఆ గేటు కిందనుంచి వస్తూ పోతూనే ఉంటారు. మనవాళ్లకు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ సౌకర్యంలోంచే పుడతాయి. ఎవరూ ఆపరు గనుక, ఆగవలసిన చోట కూడా ఆగకుండా జనంతోపాటు సాగిపోతారు. కాబట్టి ఎక్కడ మనంతట మనమే ఆగాలో తెలుసుకుని బయలుదేరడం మంచిది.

మొదటిది గుర్తింపు పత్రం. పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గాని అసలుది దగ్గర ఉంచుకోవాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన పెద్దలకు ఆధార్ చెల్లుతుంది గాని, మధ్య వయసువారు దానినే నమ్ముకుని వెళ్లకూడదు. ఒక కుటుంబంలో తాతగారు, మనవడు ఆధార్ చూపించి హాయిగా కుర్చీలలో కూర్చున్నారు. ఊరంతటికీ పనులు చక్కబెట్టే పెద్దకొడుకు మాత్రం సంచులన్నీ విప్పి ఓటరు కార్డు వెతుక్కోవలసి వచ్చింది. తీరా చూస్తే అది వాళ్లమ్మగారి పూజ సంచిలో, కుంకుమ పొట్లం పక్కన భద్రంగా ఉంది.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. అమెరికాలో పుట్టిన పిల్లలను ముక్తినాథ్ తీసుకువెళ్లే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అలాంటి పిల్లలు ముందు సోనౌలీలో భారత ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లి నిష్క్రమణ ముద్ర వేయించుకుని, ఆ తరవాత బెలహియాలో వీసా తీసుకోవాలి. వీసా రుసుము 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50 డాలర్లు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఈ రెండు మెట్లూ ఎక్కవలసిందే. ఇవతలి కార్యాలయం దుకాణాల వరుసలో కలిసిపోయి ఉంటుంది గనుక సులభంగా కంటపడదు. డాలస్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మాట్లాడుకుంటూ నేరుగా నేపాల్ కౌంటరు ముందు తేలాడు. అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టు పేజీలన్నీ తిరగేసి, మీరింకా భారతదేశంలోనే ఉన్నారండీ అని నవ్వుతూ వెనక్కి పంపాడు. కుర్రవాడు వెళ్లి ముద్ర వేయించుకుని వచ్చేదాకా అమ్మమ్మగారు నేపాల్లో కూర్చుని, మనవడు ఇండియాలో ఉన్నాడని ఫోనులో కూతురికి చెబుతూ ఉన్నారు.

సొంత కారులో వెళ్లేవారు ఆగవలసిన అసలు చోటు భన్సార్, అంటే నేపాల్ కస్టమ్స్ కార్యాలయం. వాహనం ఆర్.సి.ని అక్కడ బ్లూబుక్ అంటారు. అదీ, డ్రైవింగ్ లైసెన్సూ చూపించి, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, రోజుల లెక్కన రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. గేటు దాటగానే ఏజెంట్లు చుట్టుముడతారు. ఫారం నింపించుకోవడానికి వారి సాయం తీసుకున్నా, డబ్బు మాత్రం కౌంటరులోనే కట్టడం మేలని నా అభిప్రాయం. భన్సార్ కట్టని బండి లోపల పట్టుబడితే జరిమానా పడుతుంది, బండిని జప్తు చేయవచ్చు కూడా. కారు ఇంకొకరి పేరున ఉంటే వారి అనుమతి పత్రం వెంట ఉండాలి. ఇంటి దగ్గర బయలుదేరక ముందే చేసుకోవలసిన పని ఇంకొకటి ఉంది: మన మోటారు పాలసీ మామూలుగా దేశం లోపలే వర్తిస్తుంది కనుక, కొంత ప్రీమియం అదనంగా కట్టి నేపాల్‌కు వర్తించేలా జాగ్రఫికల్ ఏరియా ఎక్స్‌టెన్షన్ చేయించుకోవాలి. టాక్సీ మాట్లాడుకునేవారు భన్సార్ ఖర్చు కిరాయిలో కలిసి ఉందో లేదో గోరఖ్‌పూర్‌లోనే అడిగి తేల్చుకోవాలి. నన్నడిగితే, లుంబిని ఒక్కటే చూసి వచ్చేవారు సొంత బండిని సోనౌలీలో ఆపి, నడిచి గేటు దాటి, అవతల బండి మాట్లాడుకోవడమే సుఖం.

ఆ రసీదు చేతికి రాగానే చదవాలి, ఎందుకంటే నేపాల్ ప్రభుత్వపు తేదీలు విక్రమ సంవత్సరంలో నడుస్తాయి. ఏప్రిల్ మధ్యలో వారికి కొత్త సంవత్సరం వస్తుంది. అది మొదలుకొని డిసెంబరు దాకా మన క్యాలెండరు కంటే 57 ఏళ్లు, జనవరి నుంచి 56 ఏళ్లు ముందుంటారు. 2025 మే 9న భన్సార్ కట్టిన వారి రసీదులో 2082 వైశాఖం 26 అని ఉంటుంది. ఆ ఏడు వెళ్లిన ఒక డ్రైవరు ఆ సంవత్సరం చూసి, మా బండికి యాభై ఏడేళ్లు పర్మిట్ ఇచ్చారని బస్సులో వాళ్లందరికీ శుభవార్త చెప్పాడు. పక్కనే ఉన్న పురోహితుడుగారు మాత్రం వైశాఖం అన్న మాట దగ్గర ఆగి, సంచిలోంచి పంచాంగం తీశారు. పేజీ మీద వేలు పెట్టి, ఇవాళ వైశాఖ శుద్ధ ద్వాదశి కదా, ఈ ఇరవై ఆరు ఎక్కడినుంచి వచ్చిందని భన్సార్ గుమాస్తానే అడిగారు. గుమాస్తా పంచాంగం చేతిలోకి తీసుకుని ఆసక్తిగా తిరగేశాడు. మనవి చంద్రుణ్ణి బట్టి నడిచే నెలలు, వారివి మేష సంక్రాంతితో మొదలయ్యే సౌరమాసాలు అని ఇద్దరూ కలిసి తేల్చేసరికి వెనక వరుసలో నిలబడ్డవాళ్లు కూడా ఆ చర్చలో చేరిపోయారు. నేపాలీ నెలలకు 29 నుంచి 32 దాకా రోజులుంటాయి. అందువల్ల గడువు ఎప్పుడు ముగుస్తుందో వేళ్ల మీద లెక్కించకుండా, ఇంగ్లీషు తేదీ ఏదో గుమాస్తానే అడిగి రసీదు మీద పెన్నుతో రాసుకోవాలి.

గడియారం కూడా ఇక్కడ మారుతుంది. నేపాల్ మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. సోనౌలీ లాడ్జీలలో ఒకే గదిలోని రెండు ఫోన్లు రెండు దేశాల టవర్లను పట్టుకుంటాయి. అలా ఒక దంపతులు తెల్లవారుజామున, ఆరయిందని ఒకరు, ఇంకా కాలేదని ఒకరు వాదించుకుని, కిందికి వచ్చి టీ కొట్టాయనను అడిగితే ఆయన ఇద్దరిదీ నిజమేనన్నాడు. భైరహవాలో బస్సు ఎక్కేవారు నేపాల్ సమయాన్నే చూసుకోవాలి. మన గడియారంలో పావుతక్కువ ఏడు అయితే అక్కడి ఏడు గంటల బస్సు కదులుతున్నట్టే లెక్క.

డబ్బు విషయంలో 100 భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న మారకం 1993 నుంచి మారలేదు. అక్కడివారు మన రూపాయిని ఐసీ అని, వారి రూపాయిని ఎన్సీ అని అంటారు. ధర చెప్పిన ప్రతిచోటా ఐసీయా, ఎన్సీయా అని అడగడం అలవాటు చేసుకోవాలి. పెద్ద నోట్ల మీద నియమాలు మారుతూ వచ్చాయి గనుక వంద నోట్లు ఎక్కువగా పట్టుకెళ్లడం నిశ్చింత. 2024 నుంచి ఫోన్‌పే క్యూఆర్ ఉన్న కొన్ని దుకాణాలలో మన యూపీఐ కూడా పనిచేస్తోంది. ఈ ఫోన్‌పే మన దగ్గరిది కాదు, నేపాల్ సంస్థ. బెలహియాలో ఒకావిడ శాలువా ధర గట్టిగా బేరమాడి 800కు దించి, సంతోషంగా ఎనిమిది మన వంద నోట్లు ఇచ్చారు. దుకాణాదారు మూడు నోట్లు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. ఎన్సీలో 800 అంటే మనవి 500 మాత్రమే. అంత బేరమాడిన తరవాత ఇంకా తగ్గించాడేమిటని ఆమె కంగారుపడి, శాలువాను వెలుతురులోకి పట్టి చిరుగేమైనా ఉందా అని మళ్లీ చూశారు.

సామాను తనిఖీ తిరుగు ప్రయాణంలో కాస్త ఎక్కువగా ఉంటుంది. మన వైపు సరిహద్దు కాపలా కాసేది సశస్త్ర సీమా బల్. సంచిలో పేరు లేని పొడులు ఉంటే తప్పకుండా అడుగుతారు, కనుక కారప్పొడి, ఇంగువ, మందుల చూర్ణాలు అమ్మిన ప్యాకెట్లలోనే ఉంచాలి. ఒక తాతగారి స్టీలు డబ్బాలో తెల్లని పొడి చూసి జవాను ఇదేమిటని అడిగాడు. తాతగారికి హిందీ రాదు. మాటలకోసం వెతుక్కోకుండా మూడు వేళ్లు డబ్బాలో ముంచి నుదుట అడ్డంగా విభూతి రేఖలు దిద్దుకుని అతని వైపు చూశారు. జవాను టోపీ తీసి తల వంచాడు. ఆయన అతనికీ పెట్టారు.

సొంత కారులో వచ్చినవారు గేటు దాటకముందే భన్సార్‌లో రసీదు చూపించి, బండి తిరిగి వెళ్లినట్టు నమోదు చేయించుకోవాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు బెలహియాలో నిష్క్రమణ ముద్ర, సోనౌలీలో ప్రవేశ ముద్ర వేయించుకున్నాకనే గోరఖ్‌పూర్ బండి ఎక్కాలి.