కనపడని రోడ్డు మీదికి పోకండి: వసంతంలో చేజ్ కౌంటీ వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

2025 మార్చి 14న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పడమటి కొసన, గుడ్‌ల్యాండ్ దగ్గర ఐ-70 హైవే మీద దుమ్ము తుఫాను లేచింది. 71 బండ్లు గుద్దుకున్నాయి, 8 మంది పోయారు. అదే రాష్ట్రంలో తూర్పు వైపున్న చేజ్ కౌంటీ అక్కడికి చాలా దూరమే. కానీ అక్కడ దుమ్ము చేసిన పని ఇక్కడ ఏటా పొగ చేయగలదు. విచిటా నుంచి, కాన్సస్ సిటీ నుంచి మన పిల్లలు స్ప్రింగ్ బ్రేక్ అని కార్లెక్కేది సరిగ్గా ఆ రోజుల్లోనే. సీటుబెల్టు, టైర్లలో గాలి లాంటివి మీకు తెలుసు, చెప్పను.

పొగ

ఇక్కడి ఫ్లింట్ హిల్స్ అనే కొండల్లో పైపొర మట్టి పలచన, కింద సున్నపురాయి, చెకుముకిరాయి. నాగలి దిగలేదు కాబట్టే నిలువెత్తు గడ్డి మిగిలింది. అమెరికాలో ఒకప్పుడున్న ఆ గడ్డినేలలో ఇప్పుడు 4 శాతం కూడా లేదు, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే. మార్చి, ఏప్రిల్‌లో రైతులు దాన్ని కావాలనే కాలుస్తారు. పశువులకు కొత్త చిగురు వస్తుంది, సీడర్ చెట్లు పెరిగి మేతను మింగెయ్యవు. ఇక్కడి ఆదివాసులైన కా, ఒసేజ్ తెగలవాళ్లు అంతకుముందు నుంచే కాల్చేవారు. కాబట్టి పొగ కనపడగానే కంగారుపడి 911కి కొట్టక్కర్లేదు. అయితే గాలి తిరిగిందంటే కె-177 రోడ్డు మీదికి తెర దించినట్టు వచ్చేస్తుంది.

అప్పుడు చేసే తప్పు ఒకటే: "రెండు నిమిషాల్లో దాటేస్తాంలే" అని దూరడం. దూరాక ఏమీ కనపడక భయంతో బ్రేకు తొక్కుతారు, వెనక వచ్చేవాడికి మీరు కనపడరు. ముందు రోడ్డు కనపడకపోతే పోకండి. తెర ఇవతలే ఆగండి, వెనక్కి తిరగండి. అప్పటికే చిక్కుకుంటే లో బీమ్ లైట్లు వేసి మెల్లగా కదలండి, రోడ్డు మధ్యలో మాత్రం ఆగొద్దు.

నీళ్లు

ఇదీ అదే తప్పు. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలీదు. 2003 ఆగస్టు 30 రాత్రి దగ్గరి ఊరు ఎంపోరియాకు నైరుతిన జేకబ్ క్రీక్ అనే వాగు పొంగి కాన్సస్ టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కింది. నడుమ ఉన్న కాంక్రీటు గోడ నీళ్లను కొంతసేపు ఆపి, ఒక్కసారిగా వదిలేసింది. ఆరుగురు చనిపోయారు, అందులో నలుగురు పిల్లలు. అది పెద్ద హైవే! ఇక మట్టిరోడ్ల మీద చప్టాల సంగతి చెప్పాలా? అడుగు లోతు నీళ్లు చాలు చిన్న కారు తేలడానికి. కనపడని రోడ్డు మీదికి పోకండి.

పొగ ఎక్కువున్న రోజు కొండలు మానేసి, చేజ్ కౌంటీ ముఖ్య ఊరు కాటన్‌వుడ్ ఫాల్స్‌లో ఆగిపోండి. 1873 నాటి కోర్టు భవనం, ఎర్ర కప్పు, లోపల వాల్‌నట్ చెక్క మెట్లు. ఇప్పటికీ అందులో కౌంటీ పని నడుస్తోంది. నన్నడిగితే కొండల కంటే అదే బాగుంటుంది.

మిగతావి వరసగా వినండి.

ఎండుగడ్డి మీద కారు ఆపొద్దు, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

ఆ గడ్డినేలను కాపాడే టాల్‌గ్రాస్ ప్రెయిరీ ప్రిజర్వ్‌లో బైసన్‌కు (అడవి దున్నకు) 100 గజాల దూరంలో ఉండండి. మందకొడిగా కనిపించి గుర్రంలా ఉరుకుతుంది. సెల్ఫీ లేదు.

ఆ ప్రిజర్వ్‌లోనే 1881 నాటి రాతి ఇల్లు, మూడంతస్తుల కొట్టం, 1882 నాటి ఒంటిగది బడి: వీటికోసం వెళ్లినా వాతావరణం చూసుకునే వెళ్లండి.

పెట్రోలు ఎంపోరియాలోనే నింపుకోండి.

మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

మ్యాప్ దగ్గరి దారి అని మట్టిరోడ్డు చూపిస్తుంది. వాన పడితే ఎక్కొద్దు. పొగ ఉంటే ఎక్కొద్దు.

గేటు మూసి ఉంటే మూసే వెళ్లండి, తెరిచి ఉంటే తెరిచే వదలండి.

సుడిగాలి (టోర్నడో) సైరన్ మోగితే వీడియో తియ్యకండి. లోపలికి పోండి. వంతెన కింద దాక్కోవద్దు.

బజార్ అనే ఊరి దగ్గర 1931 మార్చి 31న విమానం కూలి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ న్యూట్ రాక్నీతో కలిపి 8 మంది పోయిన చోట స్మారకం ఉంది. అది ఒకరి సొంత పచ్చిక. కంచె దూకొద్దు, ముందుగా అనుమతి అడగండి.