ఎం.ఎస్. ఉన్న మగవారికి అంగస్తంభన మాత్రలు: డాక్టర్‌ని ఎలా అడగాలి, ఎలా వేసుకోవాలి

నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు ఉంది. అంగస్తంభన సమస్య కూడా దాని వల్ల వచ్చిందే. వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతింటే మెదడు పంపే సంకేతం కిందికి సరిగా చేరదు. కోరిక ఉన్నా ఒళ్లు స్పందించదు. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. గోడల మీద కనిపించే ‘గుప్త రోగాల’ నంబర్లకు ఫోన్ చేయకండి. కాళ్ల తిమ్మిర్లకు చూపించుకునే న్యూరాలజిస్టుకే చెప్పండి.

నోరు రాకపోతే చీటీ మీద రాసివ్వండి. నేను అలాగే ఇచ్చాను. డాక్టర్ గారు చదివి, మామూలుగా “బీపీ ఎంత ఉంటోంది?” అని అడిగారు.

ఆ చీటీలోనే మీరు వాడే మందులన్నీ రాయండి. అసలు జాగ్రత్త ఇక్కడే. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు అస్సలు వేసుకోకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ వాడుతుంటే ఈ మాత్రలను తక్కువ డోసుతో మొదలుపెడతారు. ముఖంలో నరం నొప్పికి వాడే కార్బమాజెపిన్ వల్ల మాత్ర ప్రభావం తగ్గవచ్చు. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటలోప్రామ్, బిగుసుకుపోయే కండరాలకు ఇచ్చే బాక్లోఫెన్ కూడా ఒక్కోసారి ఈ సమస్యకు కారణమవుతాయి. అలాగని సొంతంగా మానేయకండి. బాక్లోఫెన్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

ఈ మాత్రల్లో ఒకటైన సిల్డెనాఫిల్ సాధారణంగా 50 మి.గ్రా.తో మొదలవుతుంది. గంట ముందు వేసుకోవాలి, రోజుకు ఒక్కసారే. బిర్యానీ లాంటి నూనె భోజనం మీద వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. మాత్ర కోరికను పుట్టించదు, స్పర్శా దగ్గరితనమూ ఉంటేనే ఫలితం. ఈ సంగతి మా ఆవిడకూ చెప్పాక ఇద్దరికీ టెన్షన్ తగ్గింది.

ఇంకో మాత్ర టడలాఫిల్‌కి తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉండవచ్చు. నాకు ఇదే నప్పింది. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు కాబట్టి రాత్రి వేసుకుంటే తెల్లవారాక తీరిగ్గా కలవచ్చు. ముందు మూత్రానికి వెళ్లి రండి. గది చల్లగా ఉంచుకోండి, ఒళ్లు వేడెక్కితే మన లక్షణాలు పెరుగుతాయి కదా.

మొదటిసారి ఫలితం రాకపోతే వదిలేయకండి, డోసు పెంచేసుకోకండి కూడా. కొన్నిసార్లు చూశాక డాక్టరే మారుస్తారు. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ మామూలే. స్తంభన 4 గంటలు దాటినా, చూపు హఠాత్తుగా పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చూపు పోతే ఎం.ఎస్. ఎటాకే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఛాతీ నొప్పి వస్తే, ఈ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అక్కడి డాక్టర్‌కి ముందుగా చెప్పండి.

మాత్రలు పనిచేయకపోతే యూరాలజిస్టు దగ్గర ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్, వాక్యూమ్ పంపు ఉన్నాయి. వాటి గురించి కూడా అడగండి.