న్యూక్లియర్ ప్లాంట్‌లో డ్రగ్, ఆల్కహాల్ టెస్ట్: బ్యాడ్జ్ పోగొట్టుకోకుండా ఏం చేయాలి

అమెరికాలో అణు విద్యుత్ కేంద్రంలో పని దొరికితే, అది ఔటేజ్‌లో, అంటే రిపేర్ల కోసం ప్లాంట్ ఆపినప్పుడు, దొరికే కొన్ని వారాల కాంట్రాక్టయినా, పర్మనెంట్ ఇంజనీర్ ఉద్యోగమైనా, తోడు మనిషి లేకుండా లోపల తిరిగే బ్యాడ్జ్ ఇచ్చేముందు బ్రీత్ టెస్ట్, యూరిన్ టెస్ట్ రెండూ చేస్తారు. మనవాళ్ళలో చాలామంది “నేను సిగరెట్ కూడా ముట్టను, నాకేం టెన్షన్” అంటూ వెళ్తారు. టెన్షన్ అక్కర్లేదు, నిజమే. కానీ బ్యాడ్జ్ పోవడానికి గంజాయి తాగి ఉండాల్సిన పని లేదు. టెస్ట్ మధ్యలో లేచి వెళ్ళిపోయినా పోతుంది, అక్కయ్య ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకున్నా చిక్కే, కంగారుపడి రాజీనామా ఇస్తే ఇంకా పెద్ద చిక్కు. ఎవరి దగ్గర నోరు విప్పాలో, ఎక్కడి నుంచి కదలకూడదో తెలిస్తే మిగతాదంతా అరగంట పని.

ముందు రూలు సంగతి. ఇవి కంపెనీ తనకి తోచినట్టు పెట్టుకున్న పరీక్షలు కావు. ఎన్నార్సీ, అంటే న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్, 1989లో తెచ్చిన “ఫిట్‌నెస్ ఫర్ డ్యూటీ” నిబంధనలు ఇవి. 2008లో బాగా తిరగరాశారు, 2022లో పరీక్షించే మందుల జాబితా పెంచారు. జార్జియాలో వోగల్ అయినా అరిజోనాలో పాలో వెర్డే అయినా కనీస రూలు ఒకటే, కాకపోతే ప్లాంట్ దానికంటే కఠినంగా పెట్టుకోవచ్చు. అందుకే మొదటి రోజు సంతకం పెట్టమని ఇచ్చే పాలసీ కాగితాలు చదివాకే సంతకం పెట్టండి. ఎవరూ చదవరు, తెలుసు. మీరు చదవండి.

టెస్ట్ ఎప్పుడెప్పుడు ఉంటుందంటే, బ్యాడ్జ్ ఇచ్చేముందు 30 రోజుల లోపు ఒకటి. తర్వాత ర్యాండమ్. ఏడాదిలో చేసే ర్యాండమ్ టెస్టులు మొత్తం సిబ్బందిలో సగం సంఖ్యకి తగ్గకూడదు. దీని అర్థం మనుషుల్లో సగం మందికే అని కాదు, టెస్ట్ అయిన వెంటనే మీ పేరు మళ్ళీ డ్రాలోకి వెళ్తుంది, కాబట్టి ఒకే మనిషికి రెండుసార్లు రావచ్చు, పక్క సీటు వాడికి ఏడాదంతా రాకపోవచ్చు. “మొన్ననే ఇచ్చాను కదా” అంటే కుదరదు. నైట్ షిఫ్ట్‌లో, వీకెండ్‌లో కూడా పిలుస్తారు. ఇవి కాక, మీ నడక, మాట తేడాగా ఉందని ఎవరైనా చెప్పినా, లోపల మనిషి పొరపాటు వల్ల పెద్ద గాయమో, పరిమితి దాటి రేడియేషనో, ప్లాంట్ భద్రత తగ్గే ఘటనో జరిగినా టెస్ట్ తప్పదు. తోటివాడి ప్రవర్తనలో తేడా కనిపిస్తే చెప్పడం అక్కడ డ్యూటీలో భాగం, దాన్ని చాడీలు చెప్పడంగా చూడరు.

ఇప్పుడు మందుల సంగతి, మనకి అసలు పని ఇక్కడే ఉంది. గంజాయి, కొకైన్, యాంఫెటమిన్లు, ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మందులు), పీసీపీ అనే మత్తు పదార్థం చూస్తారు. ఓపియాయిడ్లలో హెరాయిన్, మార్ఫిన్‌తో పాటు కోడీన్ ఉంది, 2022 మార్పుతో హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ కూడా వచ్చాయి. అంటే పన్ను పీకించుకున్నాక డెంటిస్ట్ రాసిచ్చే నొప్పి మాత్ర, ఇండియా నుంచి సూట్‌కేస్‌లో తెచ్చుకున్న కోడీన్ ఉన్న దగ్గు మందు, రెండూ ఈ లెక్కలోకి వస్తాయి. మీ పేరు మీద డాక్టర్ రాసిచ్చిన మందైతే ఇబ్బంది లేదు. ఇండియాలో తీసుకున్నదైనా సరే, అక్కడ చట్టప్రకారం కొన్నది, ఏ జబ్బుకి ఇచ్చారో దానికే వాడింది అని రుజువు చూపిస్తే రివ్యూ చేసే డాక్టర్ దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ రుజువు అంటే ప్రిస్క్రిప్షన్ చీటీ, మెడికల్ షాపు బిల్లు. మనం పారేసే కాగితాలు ఇవే. ఊరి నుంచి మందులు తెచ్చుకునేటప్పుడు వాటిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. భార్య మాత్ర, తమ్ముడి మాత్ర వేసుకున్నానంటే అది సమాధానం కాదు, మందుని దుర్వినియోగం చేశారని రిపోర్టు రాస్తారు.

గసగసాలు. అవును, నిజంగానే. గసగసాల కూర, మసాలా ముద్ద, పాయసం తిన్నవాళ్ళ మూత్రంలో మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్ళు కనిపించడం శాస్త్రీయంగా తెలిసిన విషయమే. మామూలు తిండికి దొరక్కుండా కటాఫ్‌ని మిల్లీలీటర్‌కి 2,000 నానోగ్రాముల దగ్గర పెట్టారు. కానీ గసగసాలు అన్నీ ఒకేలా ఉండవు, ఒక్కో సరుకులో ఆ పదార్థం ఒక్కోలా ఉంటుంది. 15,000 దాటితే “తిండి వల్ల వచ్చింది” అనే మాటని అస్సలు ఒప్పుకోరు. టెస్ట్ తేదీ తెలిసినప్పుడు ఆ వారం గసగసాల జోలికి పోకపోతే సరిపోతుంది. ర్యాండమ్ ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి, ప్లాంట్‌లో ఉన్నన్నాళ్ళు మటన్ కూరలో జీడిపప్పు ముద్దతో సరిపెట్టుకోమనే నా సలహా.

గంజాయి విషయంలో వాదన పెట్టుకోకండి. మీ రాష్ట్రంలో చట్టబద్ధం కావచ్చు, డాక్టర్ కార్డు ఉండొచ్చు, ఏదీ చెల్లదు, ఇది ఫెడరల్ రూలు. హోలీకి భంగు, పార్టీలో ఎవరో ఇచ్చిన గంజాయి గమ్మీ, నిద్ర కోసం గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె, అదే జాతి హెంప్ గింజల పొడి, “ఆహారంగా తీసుకున్నాను” అన్నా కారణంగా ఒప్పుకోరు. రోజూ వాడేవాళ్ళలో వారాల తరబడి దొరుకుతుంది.

ఇక టెస్ట్ రోజు. ఫొటో ఐడీ పట్టుకెళ్ళండి. వెళ్ళేముందు బాత్రూమ్‌కి వెళ్ళకండి, అలాగని బిందెడు నీళ్ళు కూడా తాగకండి, ఎందుకంటే శాంపిల్ మరీ పల్చగా ఉంటే, అంటే మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం డెసిలీటర్‌కి 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే, లేనిపోని అనుమానం మొదలవుతుంది. సాధారణంగా బ్రీత్ టెస్ట్ ముందు చేస్తారు. 15 నిమిషాలుగా నోట్లో ఏమీ వేసుకోలేదు కదా అని అడుగుతారు. చూయింగ్ గమ్, మౌత్‌వాష్, వక్కపొడి, ఏది వేసుకున్నా చెప్పేయండి, 15 నిమిషాలు కూర్చోబెట్టి చేస్తారు, అంతే. త్రేన్పు వచ్చినా చెప్పండి. రీడింగ్, అంటే రక్తంలో ఆల్కహాల్ శాతం, 0.02 లేదా ఆపైన వస్తే 30 నిమిషాల లోపు ఇంకోసారి చేసి నిర్ధారిస్తారు.

యూరిన్‌కి కోటు తీసేయాలి, జేబులు ఖాళీ చేయాలి, చేతులు కడుక్కోవాలి. టాయిలెట్ నీళ్ళలో నీలం రంగు కలిపి ఉంటుంది, కంగారు పడకండి, ఆ నీళ్ళు శాంపిల్‌లో కలపకుండా చేసిన ఏర్పాటు. ఫ్లష్ చేయొద్దంటే చేయకండి. 30 మిల్లీలీటర్లకి తగ్గకూడదు. నాలుగు నిమిషాల లోపు ఉష్ణోగ్రత చూస్తారు, 90 నుంచి 100 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. లేకపోతే ఒక మనిషి ఎదురుగా నిలబడి చూస్తుండగా మళ్ళీ ఇవ్వాల్సి వస్తుంది. సీసాకి సీల్ వేసి, దాని మీద మీరు పొట్టి సంతకం పెట్టేవరకు ఆ సీసా మీ కళ్ళముందే ఉండాలి. ఇది మీ మంచికే, ఫోన్ చూసుకుంటూ నిలబడకండి. అక్కడ శాంపిల్ తీసుకునే వ్యక్తికి మీరు వాడే మందుల జాబితా ఇవ్వక్కర్లేదు, వాళ్ళు ఇవ్వమని పట్టుబట్టకూడదు.

రావడం లేదా? చాలామందికి ఆ గదిలో రాదు, అది మామూలే. మూడు గంటల వరకు టైమిస్తారు, కాస్త కాస్త నీళ్ళు ఇస్తారు. కూర్చోండి. “మీటింగ్ ఉంది, మళ్ళీ వస్తా” అని బయటికి నడిస్తే అది నిరాకరించినట్టే, నిరాకరణకి శిక్ష పాజిటివ్ కంటే ఘోరం. పాజిటివ్ మొదటిసారి అయితే కనీసం 14 రోజులు, రెండోసారి అయిదేళ్ళు యాక్సెస్, అంటే లోపలికి వెళ్ళే అనుమతి, ఉండదు. నిరాకరించినా, నకిలీ మూత్రం, రసాయనాలు లాంటి తెలివితేటలు చూపినా యాక్సెస్ శాశ్వతంగా పోతుంది.

మందు తాగేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. షిఫ్ట్‌కి ముందు అయిదు గంటలు ముట్టకూడదనేది రూలు. చాలామంది దాన్నే భరోసాగా తీసుకుంటారు, అక్కడే దొరికిపోతారు. హైదరాబాద్ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో మిషన్ మీద 30 దాటితే కేసు కదా, ఇక్కడి లెక్కలో అది 0.03. ప్లాంట్‌లో 0.04 ఉంటే ఎప్పుడైనా పాజిటివ్, డ్యూటీకెక్కి గంట దాటితే 0.03 చాలు, రెండు గంటలు దాటితే 0.02 చాలు. ఎందుకిలా తగ్గుతూ పోతుందంటే శరీరం గంటకి సుమారు 0.015 చొప్పున కరిగిస్తుంది, రెండు గంటల తర్వాత కూడా 0.02 ఉందంటే గేటు దాటినప్పుడు 0.05 దగ్గర ఉన్నారని అర్థం. అర్ధరాత్రి 0.12తో గ్లాసు దించినవాడు పొద్దున అయిదింటికి ఇంకా 0.045 దగ్గర ఉంటాడు, అయిదు గంటల నియమం పాటించి మరీ పాజిటివ్ అవుతాడు. మూడు గంటలు పని చేశాక 0.01 వచ్చినా, అది పాజిటివ్ కాదు గానీ, ఫిట్‌గా ఉన్నారని తేల్చేదాకా పనిలోకి పంపరు. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం లాంటి వాటిలో కూడా ఆల్కహాల్ ఉంటుందని గుర్తుంచుకోండి, డ్యూటీకి వెళ్ళేముందు వద్దు.

సెలవు రోజు రాత్రి ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మంటే, తాగి ఉన్నారా అని అడుగుతారు. తాగితే తాగానని చెప్పండి. పిలవని రోజు తాగడం తప్పు కాదు, అబద్ధం చెప్పి గేటు దాటడం తప్పు.

శాంపిల్ ఇచ్చిన తర్వాత తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తండి. ల్యాబ్‌లో ఏదైనా తేలితే అది నేరుగా కంపెనీకి పాజిటివ్‌గా వెళ్ళదు, ముందు మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే డాక్టర్ మీతో మాట్లాడతాడు. మందుల గురించి అన్నీ చెప్పాల్సింది, చీటీలు పంపాల్సింది ఈయనకే. స్పామ్ కాల్ అనుకుని వదిలేస్తే మీ వైపు మాట వినకుండానే తేల్చేసే అధికారం ఆయనకుంది. పాజిటివ్ అని తేల్చినా ఒప్పుకోకపోతే, మూడు పనిదినాల లోపు అడిగితే, శాంపిల్‌ని రెండు సీసాల్లో పోసి ఉంటే రెండో సీసాని, లేకపోతే మిగిలిన శాంపిల్‌ని ఇంకో ల్యాబ్‌లో పరీక్షిస్తారు. ప్లాంట్ నిర్ణయం మీద నిష్పక్షపాతంగా సమీక్ష అడిగే హక్కు కూడా ఉంది. రాతపూర్వకంగా అడగండి.

ఆ టైములో చేయకూడని పని రాజీనామా. “రికార్డులోకి ఎక్కకముందే మానేస్తే పోలా” అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినకండి. మొదటి పాజిటివ్ వచ్చాక, చర్య తీసుకునేలోపు తప్పుకుంటే 14 రోజులది కాస్తా అయిదేళ్ళవుతుంది. పైగా హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే వేరే దారి చూసుకోవడానికి ఇచ్చే 60 రోజుల గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. ఉండి చికిత్సకి, కౌన్సెలింగ్‌కి ఒప్పుకుంటే తిరిగి రావడానికి దారి ఉంది, మూడేళ్ళలో కనీసం 15 చెప్పకుండా చేసే టెస్టులు ఇవ్వాలి, అంతే.

ఇంకో ప్లాంట్‌కి మారితే ఫారంలో పాత టెస్టుల గురించి అడుగుతారు. వేరే రాష్ట్రం, వేరే కంపెనీ, వీళ్ళకెలా తెలుస్తుంది అనుకోకండి. యాక్సెస్ రికార్డుల కోసం ప్లాంట్లన్నీ కలిసి వాడే ప్యాడ్స్ అనే డేటాబేస్ ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.