ఆంధ్ర విశ్వవిద్యాలయం చూడబోయే ముందు

శీతాకాలం సెలవులకు విశాఖ వచ్చే బంధువులు బీచ్‌తో పాటు యూనివర్సిటీ కూడా చూస్తామంటారు. వారికి ఈ నాలుగు మాటలు.

– సెలవు రోజున వెళ్లకండి, పరీక్షల రోజుల్లో అసలే వద్దు. భవనాలకు తాళాలుంటాయి, లేదా గేటు దగ్గరే ఆపేస్తారు. రైలు ఖర్చంతా వృథా. లోపల గదులు, గ్రంథాలయం చూడాలంటే ముందే అనుమతి అడగండి. ఇది పార్కు కాదు, పాఠాలు జరిగే చోటు.

– ఆటో ఎక్కేటప్పుడు ‘యూనివర్సిటీ’ అని ఊరుకోకండి. దక్షిణ ప్రాంగణమా, ఉత్తర ప్రాంగణమా చెప్పండి. ఉత్తరం వైపుది ఇంజినీరింగ్ కళాశాల. ఆర్ట్స్, సైన్స్ కళాశాలలు దక్షిణాన.

– ఎండెక్కక ముందే నడవండి. ఈ చోటికి వాల్తేరు అప్‌లాండ్స్ (ఎత్తు నేలలు) అన్న పేరు ఊరికే రాలేదు, దారులు ఎక్కుడుదిగుడు. సముద్రపు ఉక్క డిసెంబరులోనూ చెమట పట్టిస్తుంది.

– హాస్టళ్ల వైపు కెమెరా తిప్పకండి.

– కాస్త చరిత్ర తెలుసుకుని వెళ్లండి, లేకుంటే అన్నీ పాత గోడల్లాగే కనిపిస్తాయి. 1926లో బెజవాడలో పుట్టి తర్వాత వాల్తేరుకు చేరిన సంస్థ ఇది. తొలి ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్.

– తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఇక్కడి చెట్లను ఎలా కూల్చిందో మావాళ్లు ఇంకా మరచిపోలేదు.