స్టీరింగ్‌తో నాలుగు చక్రాలూ పక్కకు తిరిగే కారును రేస్ ట్రాక్ మీదికి తీసుకువెళ్లే ముందు జాగ్రత్తలు

స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలతో పాటు వెనుక చక్రాలు కూడా పక్కకు తిరిగే స్పోర్ట్స్ కారును తొలిసారి రేస్ ట్రాక్ మీదికి తీసుకువెళ్లేవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఈ ఏర్పాటు టైర్లకు కొత్తగా పట్టును ఇవ్వదు. ఉన్న పట్టు ఏ క్షణంలో, ఏ దిశలో పనిచేయాలో మాత్రమే మారుస్తుంది.

2013లో వచ్చిన పోర్షే 911 జీటీ3ని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో వెనుక చక్రాలకు కుడి, ఎడమ వైపుల వేరువేరుగా విద్యుత్తుతో పనిచేసే యాక్చువేటర్లు (చక్రాన్ని పక్కకు తిప్పే పరికరాలు) ఉంటాయి. అవి చక్రాలను గరిష్ఠంగా 1.5 డిగ్రీలు తిప్పుతాయి. గంటకు 50 కిలోమీటర్ల లోపు వేగంలో ముందు చక్రాలకు ఎదురు దిశలోను, 80 దాటాక అదే దిశలోను. ఒకటిన్నర డిగ్రీ కంటికి ఆనదు గాని లెక్క వేస్తే దాని ప్రభావం తెలుస్తుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లున్న కారులో ముందు చక్రాలను 10 డిగ్రీలు తిప్పితే, టైర్ల జారుడును పక్కన పెట్టి చూసినప్పుడు, మలుపు వ్యాసార్ధం సుమారు 14 మీటర్లు అవుతుంది. వెనుక చక్రాలు ఎదురు దిశలో 1.5 డిగ్రీలు తిరిగితే అది 12 మీటర్లకు తగ్గుతుంది.

ఎక్కువ వేగంలో జరిగేది ఇంతకంటే ముఖ్యం. మామూలు కారులో స్టీరింగ్ తిప్పగానే ముందు టైర్లే మొదట కారును పక్కకు నెడతాయి. కారు ముందు భాగం తిరగడం మొదలైన తరువాతే వెనుక టైర్లు చూసే దిశకు, అవి కదిలే దిశకు మధ్య కోణం ఏర్పడి, అవి కూడా తమ వంతు బలాన్ని ఇస్తాయి. వెనుక చక్రాలు అదే దిశలో తిరిగినప్పుడు ఈ ఆలస్యం తగ్గి, కారు పొడవు పెరిగినట్టుగా నిలకడగా మలుపులోకి వెళ్తుంది. వెనుక భాగం ఊగదు కనుక డ్రైవరుకు ధైర్యం కలుగుతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే పట్టు అంచుకు చేరుతున్నామని మామూలు కారు వెనుక భాగపు కదలికతో ముందే చెప్పే మాట, ఈ కారులో ఆలస్యంగా, సన్నగా వినిపిస్తుంది. కాబట్టి మొదటి నాలుగైదు ల్యాపుల్లో (ట్రాక్ చుట్లలో) అలవాటైన చోటుకన్నా ముందే బ్రేకు వేసి, వేగాన్ని కొద్దికొద్దిగా మాత్రమే పెంచాలి.

రెండు పద్ధతుల మధ్య మార్పు జరిగే 50–80 వేగంలో మరింత నిదానం అవసరం. ఇరుకైన మలుపు నుంచి బయటికి వస్తూ యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కితే, చేతిలో స్టీరింగ్ కదలకపోయినా కారు తిరిగే తీరు మారుతుంది. స్టీరింగ్‌ను క్రమంగా తిన్నగా తెస్తూ, అదే నిష్పత్తిలో యాక్సిలరేటర్ పెంచడం క్షేమం.

బయలుదేరడానికి కనీసం వారం ముందే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, స్టీరింగ్ కోణాన్ని కొలిచే సెన్సర్‌ను కూడా సరిచేయించాలి. వెనుక చక్రం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) పావు డిగ్రీ తప్పితే, అది 1.5 డిగ్రీలలో ఆరో వంతు. గుంతలో గట్టిగా పడిన కారుకు ఆ తేడా రావడం కష్టమేమీ కాదు. ముందు టైర్లు అరిగి వెనుకవి కొత్తగా ఉన్నా, నాలుగూ ఒకే రకం కాకపోయినా, కంపెనీ లెక్కించిన సమతూకం చెడుతుంది. స్టీరింగ్ హెచ్చరిక దీపం వెలిగితే ఆ రోజు ట్రాక్ ఆలోచన మానుకోవాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వెనుక చక్రాల లోపలి వైపు ఎవరూ చేయి పెట్టకూడదు.

తెలుగు రాష్ట్రాల నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లేవారు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయని గుర్తుంచుకోవాలి. నీటి పొర మీద తేలిన టైరు ఏ కోణంలో తిరిగినా కారును మలచలేదు. నీరు నిలిచిన చోట స్టీరింగ్‌ను తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా వదలడమే చేయగలిగింది.

కొన్ని పాత కార్లకు ఈ లెక్కలు వర్తించవు. 1987 నాటి హోండా ప్రెల్యూడ్‌లో వెనుక చక్రాల దిశ వేగాన్ని బట్టి కాక, స్టీరింగ్‌ను ఎంత తిప్పారన్న దాన్ని బట్టి మారేది. కొద్దిగా తిప్పితే అదే దిశ, బాగా తిప్పితే ఎదురు దిశ. అలాంటి కారు నడిపేవారు తడి రోడ్డుపై స్టీరింగ్‌ను పెద్దగా తిప్పవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

చివరగా పిట్ లేన్ (ట్రాక్ పక్కన కార్లు ఆగే దారి) సంగతి. నెమ్మదిగా కదిలే వేళ వెనుక చక్రాలు ఎదురు దిశలో తిరుగుతాయి కనుక, గోడ పక్కనుంచి కారును బయటికి తిప్పేటప్పుడు దాని వెనుక మూల గోడవైపు మామూలు కారుకన్నా ఎక్కువగా జరుగుతుంది. అక్కడ నిలబడినవారిని దూరం జరిపి, ముందు కాస్త తిన్నగా కదిలిన తరువాతే స్టీరింగ్ తిప్పాలి.